అరుగు మీద బోర్లించిన చేట

నంద్యాలలో నేను మొట్టమొదట చేరిన కరెంటు కంపెనీలో ఒక ఫిర్యాదుల పుస్తకం ఉండేది. ఎర్ర గుడ్డ అట్ట, లావుపాటి కాగితాలు, ప్రతి పేజీకీ అచ్చు వేసిన నంబరు. నేను చేరేనాటికే దాని అంచులు పాతబడి గోధుమరంగుకు వచ్చాయి. లోపల మాత్రం ఒక్క అక్షరం లేదు. ఆయుధపూజ నాడు ఇంజనుకూ నిచ్చెనకూ పసుపు కుంకుమ పెట్టేటప్పుడు ఆ పుస్తకానికి కూడా పెట్టేవాళ్ళం. ఏటేటా పెట్టిన బొట్ల మరకలు తప్ప దాని మీద ఇంకో మరక లేదని మా కంపెనీలో అందరికీ గర్వం. ఆ గర్వంలో నా వాటా నాకుండేది. ఇరవై మూడేళ్ళవాడికి గర్వపడటానికి ఏదో ఒకటి కావాలి కదా.

కంపెనీ అంటే పెద్దదేమీ కాదు. ఊళ్ళోని వ్యాపారస్తులూ భూస్వాములూ ఓ ఐదారుగురు కలిసి పెట్టుకున్నది. రెండు డీజిల్ ఇంజన్లు, బజారు వీధుల్లో స్తంభాలు, ఒక ఆఫీసు గది, ఇద్దరు లైన్‌మన్లు, ఇంజన్ల దగ్గర ముగ్గురు, రాతకోతలకు నేను. అందరికీ పెద్ద నూనె మిల్లు శెట్టిగారు. ఆదివారం పొద్దున మిల్లులో శనగచెక్క బస్తాల మీదే డైరెక్టర్ల సమావేశం జరిగేది. ఏ వీధికి తీగ లాగాలి, ఎవరింటి పెళ్ళికి ఇంకో గంట ఇంజను నడపాలి, అన్నీ అక్కడే నోటిమాటగా తేలిపోయేవి. శెట్టిగారి చెవిన మాట వేయగలిగినవాడికి కరెంటు ఉండేది. వేయలేనివాడికి కిరసనాయిలు బుడ్డి ఉండేది. బజారు నుంచి కుందూ నది వైపు పోయే దారిలో కూలీల వీధి మొదలయ్యే చోటికి సరిగ్గా రెండిళ్ళ ముందే మా స్తంభాలు ఆగిపోయాయి. అదేమని అడిగే అధికారం ఎవరికీ లేదు. నేనూ అడగలేదు.

నేను చేరిన మొదటివారంలోనే పత్తి మిల్లు నుంచి ఒక మనిషి వచ్చి ఫ్యూజు పోయిందన్నాడు. నేను ఉత్సాహంగా ఎర్ర పుస్తకం తెరిచి కలం సిరాలో ముంచాను. ఆ పక్కనే ఉన్న శెట్టిగారు గబుక్కున వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు.

“ఏం రాస్తాండావప్పా?”

“కంప్లయింటు సార్. పత్తి మిల్లులో ఫ్యూజు పోయిందంట.”

“పోతే ఆయప్ప పోయి ఏసొస్తాడు. దాన్ని పుస్తకంలో ఎక్కిచ్చేది ఏందీ? రేపు సర్కారోడు వచ్చి చూస్తే మన పరువు యాడికి పోవాల?”

ఆయన ‘ఆయప్ప’ అన్నది మా పెద్ద లైన్‌మన్‌ను. ఊళ్ళో మొదటి స్తంభానికి గుంత తవ్వడానికి కూలికి వచ్చి, ఆ స్తంభంతోపాటు కంపెనీలో పాతుకుపోయిన మనిషి. అప్పటికే యాభై దాటాయి. చదువు లేదు, సర్టిఫికెట్టు లేదు. భార్య పోయింది, పిల్లలు లేరు, ఆళ్ళగడ్డలో ఒక అక్క ఉందని చెప్పేవాడు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను రైటరప్పా అనేవాడు. తీగ మీద కాకి వాలిన తీరు చూసి ఆ స్తంభం దగ్గర తీగ వదులైందని చెప్పేవాడు. నేను మొదట నమ్మలేదు. రెండుసార్లు వెంట వెళ్ళి చూశాక నోరు మూసుకున్నాను.

ఆయన దగ్గరికి ఫిర్యాదులు చేరే పద్ధతి వేరు. ఎవరింట్లో కరెంటు పోతే ఆ ఇంటివాళ్ళు వీధి అరుగు మీద చేట బోర్లించి పెట్టేవారు. ఆయన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కంపెనీ సైకిలు మీద ఊరంతా తిరిగేవాడు. చేట కనబడిన చోట సైకిలు ఆపి, పని చూసి, పోయేటప్పుడు తన చేత్తోనే చేటను వెల్లకిలా తిప్పి పెట్టేవాడు. పని అయిందనడానికి అదే గుర్తు. ఇంటివాళ్ళు పొలానికి పోయి ఉన్నా సరే, తిరిగొచ్చి చేట చూసుకుంటే సంగతి తెలిసిపోయేది. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఆఫీసు గడప తొక్కాల్సిన పని ఎవరికీ పడేది కాదు. నాకు రాయాల్సిన పని అంతకన్నా పడేది కాదు.

కొత్తగా ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు, ప్రైవేటు కరెంటు కంపెనీలను ప్రభుత్వం తీసుకోవచ్చునని కొత్త రాష్ట్రం చట్టం చేసింది. ఆ వార్త ఉన్న పేపరును ఆదివారం మిల్లులో నేనే చదివి వినిపించాను. శెట్టిగారు కండువాతో ముఖం తుడుచుకున్నారు.

“ఊరంతా ఆముదం దీపాలు పెట్టుకునే కాలంలో మనం తెచ్చినాం ఈ కరెంటు. ఇప్పుడు వాళ్ళకు తాళాలు ఇచ్చి దండం పెట్టి పోవల్లనా?” అన్నారు.

నాకు ఆయన మీద జాలి వేసిన మాట నిజం. లోపల సంతోషం వేసిన మాట కూడా నిజం. ప్రభుత్వం చేతికి పోతే నాది సర్కారు ఉద్యోగం అవుతుంది. కూలీల వీధికి ఇంకో రెండు స్తంభాలు పడతాయి. పెళ్ళి శెట్టిగారింట్లో జరిగినా చేనేతవాళ్ళింట్లో జరిగినా ఇంజను ఒకే వేళకు ఆగుతుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ చట్టం మంచిదేనని నా అభిప్రాయం. వెలుతురు పంచే పనిని ఐదారుగురి దయకు వదిలిపెట్టకూడదు. కాకపోతే దూరాన ఉన్నవాళ్ళు మమ్మల్ని చూడాలంటే మేము రాసిపెట్టిన కాగితాల్లోంచే చూడాలన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

కంపెనీని స్వాధీనం చేసుకునే ముందు తనిఖీకి కర్నూలు నుంచి ఒక ఇంజనీరుగారు వచ్చారు. కృష్ణా జిల్లా మనిషి. మెత్తగా, మర్యాదగా మాట్లాడేవారు. మాటమాటకూ ఆయన అనే ‘అండీ’లకు మా ఇంజను గది వాళ్ళు చాటుగా నవ్వుకున్నారు. ఆయన రెండు రోజులు స్తంభాలు లెక్కబెట్టారు, ఇంజన్లు నడిపించి చూశారు. మూడో రోజు నా బల్ల ముందు కూర్చుని పుస్తకాలన్నీ తెప్పించుకున్నారు. ఎర్ర పుస్తకం తిరగేశారు. మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి తిరగేశారు.

“ఇదేమిటండీ, ఒక్క ఫిర్యాదూ లేదే?”

శెట్టిగారు ఛాతీ ముందుకు పెట్టి, “మా ఊర్లో ఎవురికీ ఏ కష్టమూ రానీల్యా సార్” అన్నారు.

ఇంజనీరుగారు నా వైపు తిరిగారు. “ఈ పుస్తకం మీ చేతిలోనే ఉంటుందా? ఇది సరైన రికార్డేనా?”

“సరైనదే సార్” అన్నాను.

ఆ క్షణంలో నేను అబద్ధం చెబుతున్నానని నాకు అనిపించనే లేదు. అది ఇప్పటికీ నన్ను కలవరపెడుతుంది. మచ్చలేని పుస్తకాన్ని చూపిస్తున్నానన్న సంబరంలో ఉన్నాను. ఆయన ఆఖరి పేజీ తెరిచి, ఈ రికార్డు సరిగ్గా ఉంచబడింది అని రాసి సంతకం చేయమన్నారు. గుండ్రటి అక్షరాలతో రాసి కింద సంతకం పెట్టాను. ఆ పుస్తకంలో పడిన మొదటి అక్షరాలు నావే.

నెల తిరగకుండానే ఉత్తరువు వచ్చింది. ప్రభుత్వం తీసుకోబోయే సిబ్బంది జాబితాలో నా పేరుంది. ఇంజన్ల దగ్గర ముగ్గురి పేర్లూ ఉన్నాయి. లైన్‌మన్లలో సర్టిఫికెట్టున్న చిన్నవాడి పేరు మాత్రమే ఉంది. పక్కనే కారణం రాశారు. సరఫరాలో లోపాలు నమోదు కానందున ఈ ఊరికి ఒక్క లైన్‌మన్ చాలును, అని.

ఆ వాక్యాన్ని నేను మూడుసార్లు చదివాను. రోజుకు పది చేటలు తిప్పి పెట్టే మనిషి, మా పుస్తకం ప్రకారం ఇన్నేళ్ళుగా పనిలేకుండా కూర్చున్నాడు.

ఆయనకు చదివి చెప్పాల్సినవాణ్ణి నేనే. పేరు లేదన్నంతవరకే చెప్పాను, కారణం మింగేశాను. ఆయన సైకిలుకు స్టాండు వేసి నా దగ్గరికి వచ్చాడు.

“నేనేం తప్పు జేసినా రైటరప్పా? ఇన్నేండ్లలో నా మీద ఒక్క కంప్లయింటన్నా ఉండాదా? నువ్వు ఆ ఎర్ర పుస్తకం ఎత్తుకోని కర్నూలుకు పోయి ఆ సారుకు చూపియ్యప్పా. ఒక్క మచ్చ ల్యా అని చెప్పు. చూస్తే ఆయప్పకే తెలుస్తాది.”

తన ఉద్యోగం తీసిన పుస్తకాన్నే ఆయన సాక్ష్యంగా తీసుకుపొమ్మంటున్నాడు. నేను సరేనన్నట్టు తలూపాను.

మర్నాడు ఒక ఉపాయం తట్టింది. మీ ఇంట్లో ఎన్నిసార్లు కరెంటు పోయిందో, ఆయన ఎన్నిసార్లు వచ్చి బాగుచేశాడో కాగితం మీద రాసివ్వండని ఇల్లిల్లూ తిరిగాను. ఒక్కరూ రాయలేదు. ఇంతలేసి మాటలు పడ్డాను. మసీదు పక్క వీధిలో ఒక ముసలామె, అరుగు మీదున్న చేటనే ఎత్తి నా మీదికి వచ్చింది.

“ఆయప్ప మీద కంప్లయింటు రాసియ్యమంటావా? మా ఇంటికి పిలిస్తే పలికే మనిషి. నీ చేతులు పడిపోను, యాడ నేర్చినావు ఈ బుద్ధి?”

“మీద కాదు అవ్వా, ఆయన కోసమే” అన్నాను.

“కోసమైతే మంచిగ రాయల్ల. కరెంటు పోయింది, పోయింది అని రాస్తే ఆయప్పకేగదా చెడ్డపేరు!”

ఆమె కోపం వీధివీధికీ పాకింది. రెండు రోజుల్లో ఊరివాళ్ళు నాతో పనిలేకుండా వాళ్ళే ఊరందరి విన్నపంగా ఒక మహజరు తయారుచేశారు. బడిపంతులు చేత రాయించారు. సంతకాలూ వేలిముద్రలూ నాలుగు కాగితాల నిండా వేశారు. శెట్టిగారు కూడా సంతకం చేశారు. ఆ మహజరులో ఏముందో చదివి నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఈ లైన్‌మన్ ఉన్నన్నాళ్ళు మా ఊరిలో కరెంటు పోయిన పాపాన పోలేదని, మాకు ఏ లోపమూ ఏనాడూ కలగలేదని, అందువల్ల ఆయనను ఉంచవలసిందని అందులో ఉంది. ప్రేమతో ఆయన మెడకు ఇంకో ముడి బిగించారు. మార్చి రాయమని బతిమాలాను. వేలిముద్రలు వేసిన కాగితం మార్చడం పాపమన్నారు.

ఆ మహజరును కర్నూలుకు తీసుకెళ్ళమని నన్నే పంపారు. బయలుదేరే ముందు నేను ఇంకో కాగితం రాసుకున్నాను. ఎర్ర పుస్తకం సరైన రికార్డు కాదని, రోజూ పదిచోట్ల లోపాలు వస్తాయని, వాటిని రాయకుండా ఉంచింది నేనేనని, నా సంతకం తప్పని రాశాను. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. నా భార్య అప్పుడు నిండు నెలలతో ఉంది. ఆ కాగితం సంగతి ఆమెకు చెప్పలేదు.

రాజధాని కొత్తలో కర్నూలులో చాలా ఆఫీసులు గుడారాల్లోనే ఉండేవి. ఇంజనీరుగారు ఒక గుడారంలో చెక్క బల్ల ముందు కూర్చుని ఉన్నారు. మహజరు మొత్తం శ్రద్ధగా చదివారు. చదివి తలెత్తారు.

“ఊరికి ఆయనంటే ఎంత అభిమానమో తెలుస్తోందండీ. కానీ ఇందులో ఉన్నది నేను రాసినదే కదా. లోపాలు లేవంటున్నారు. లోపాలు లేనిచోట ఇద్దరు లైన్‌మన్లు కావాలని నేను పైకి ఎలా రాయగలను? మీరు రికార్డు అంత చక్కగా ఉంచారు కాబట్టే మీ పేరు సిఫారసు చేశాను. మీరు చెప్పవలసింది ఇంకేమైనా ఉందా?”

ఆయన నిజంగానే అడిగారు. కలం పక్కన పెట్టి, నా జవాబు కోసం ఎదురుచూశారు. జేబులో కాగితం చెమటకు తడిసి ఛాతీకి అంటుకుంటోంది. తప్పు రికార్డు పెట్టినవాడినని ఒప్పుకుంటే నా పేరు జాబితాలోంచి పోతుంది. పురిటి ఖర్చులు, అద్దె ఇల్లు, వెనక ఆస్తి లేని బతుకు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

“ఏమీ లేదు సార్” అన్నాను.

నంద్యాలలో బస్సు దిగేసరికి పెద్ద లైన్‌మన్ స్టాండులో ఎదురుచూస్తున్నాడు.

“ఏమన్నాడప్పా? పుస్తకం చూపిచ్చినావా?”

“చూపించానన్నా. చూస్తామన్నాడు.”

జాబితా మారలేదు. పాత రోజుల్లో అయితే శెట్టిగారి ఒక్క మాటతో ఆయన మర్నాడే పనిలో ఉండేవాడు. అదే ఒక్క మాటతో ఎవరినైనా తీసేయగలిగేవారు కూడా. కంపెనీ తాళాలు అప్పగించిన రోజు ఆయన సైకిలును బావి దగ్గర కడిగి, తువ్వాలుతో తుడిచి, ఆఫీసు గోడకు ఆనించి పెట్టాడు. నాకు దండం పెట్టి ఆళ్ళగడ్డ బస్సెక్కాడు. నేను జేబులోని కాగితాన్ని ఇంటికెళ్ళి పొయ్యిలో పడేశాను.

చిన్న లైన్‌మన్‌కు వీధులు తిరిగే అలవాటు లేదు. జనం చేటలు బోర్లించి చూసి చూసి, చివరికి విసుక్కుంటూ ఆఫీసుకు రావడం మొదలుపెట్టారు. ఇక నన్ను ఆపే శెట్టిగారు లేరు. వచ్చినవన్నీ రాశాను. పేజీలకు పేజీలు నిండాయి. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం చూసి పైనుంచి ఇంకో లైన్‌మన్‌ను ఇచ్చారు. అనంతపురం వైపు నుంచి కొత్త మనిషి వచ్చాడు. కూలీల వీధికి స్తంభాలు కూడా పడ్డాయి. ఆ వీధిలో మొదటి దీపం వెలిగిన సాయంత్రం ఊరంతా సంబరపడింది. నాకు మాత్రం అన్నం సహించలేదు.

తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది. ఇంకో మూడేళ్ళకు కరెంటు వ్యవహారమంతా డిపార్టుమెంటు చేతిలోంచి కొత్తగా పెట్టిన బోర్డు చేతికి వచ్చింది. ఆ మార్పుల్లో నన్ను ఆళ్ళగడ్డ ఆఫీసుకు వేశారు. గది కొత్తది, బల్ల కొత్తది, ఫిర్యాదుల పుస్తకం కూడా కొత్తది. బస్టాండు దగ్గర గది అద్దెకు తీసుకుని, రాతి విగ్రహాలు చెక్కేవాళ్ళ కొట్టాల మీదుగా ఆఫీసుకు నడిచి వెళ్ళేవాణ్ణి. ఉలి దెబ్బల మధ్య, రాతి పొడి మధ్య ఆ దారి నాకు నచ్చింది.

చేరిన వారానికి ఒక పొద్దున మా పాత పెద్ద లైన్‌మన్ ఆఫీసు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. చేతులకూ బట్టలకూ రాతి పొడి. శిల్పుల కొట్టంలో బండలు జరిపే పని చేస్తున్నాడట. నేను లేచి నిలబడ్డాను. అన్నా అంటూ కుర్చీ ముందుకు జరిపాను.

“మా అక్క ఇంట్లో కరెంటు ల్యా రైటరప్పా. స్తంభం పక్కకు ఒరిగింది. తీగ కిందికి వచ్చిండాది. దాని కిందనే పిల్లోల్లు తిరుగుతాండారు.” గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. “నాలుగు దినాలు అరుగు మీద చేట బోర్లిచ్చి పెట్టినా. నువ్వు పొద్దున్నా సాయంత్రం ఆ దావనే పోతాండావు. చూడకపోతివి.”

నేను చూశాను. నాలుగు రోజులూ చూశాను. ఎవరో కడిగి ఆరబెట్టుకున్నారనుకుని దాటి వెళ్ళాను.

“ఇప్పుడే లైన్‌మన్‌ను పంపిస్తానన్నా. నువ్వు కూర్చో. దీనికి రాయడం ఎందుకు” అన్నాను. పాత అలవాటు నోట్లోంచి అలాగే వచ్చేసింది.

“వద్దు. రాయి.”

ఆయన గొంతులో కోపం లేదు. కుర్చీ అంచున కూర్చుని, తన చేతుల వైపు చూసుకుంటూ చెప్పాడు.

“నువ్వు పోయొచ్చినాక పదైదు దినాలకు నేను గూడా కర్నూలుకు పోయింటి. ఆ సారు మంచోడు, కూర్చోబెట్టి చెప్పినాడు. మీ పుస్తకంలో పని ల్యాకపాయె పెద్దాయనా, పని లేనికాడ మనిషిని ఎట్లా పెట్టేది అన్నాడు. నేను జేసిన పని ఒక్కటన్నా యాడా ల్యాకపాయె గదప్పా.”

ఇన్నేళ్ళూ ఆయనకు తెలుసు.

“మరి నువ్వు నిజం చెప్పలేదా అన్నా? రోజూ పది ఇళ్ళకు పోతానని?”

“చెప్తే నీ సంతకం అబద్ధం అయితాది గదా. ఇంట్లో ఆయమ్మ నీళ్ళాడే దినాలు. నీ పని పోయినంత మాత్రాన నాది వచ్చేదా ఏమి?” అని, పుస్తకం వైపు గడ్డంతో చూపించాడు. “అదంతా అయిపాయె. ఇప్పుడు రాయి. పిల్లోల్లు తిరిగే తావు.”

నా కళ్ళు నిండిపోయాయి. ఆయన ముందు దాచుకోవాలని కూడా అనిపించలేదు. పుస్తకం తెరిచాను. ఆళ్ళగడ్డ ఆఫీసులో అప్పటికి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మొదటి పేజీ, ఒకటో నంబరు. తేదీ వేశాను. ఆయన పేరు రాశాను, ఇంటి గుర్తు రాశాను, ఒరిగిన స్తంభం సంగతి, కిందికి జారిన తీగ సంగతి, కరెంటు పోయి నాలుగు రోజులైన సంగతి రాశాను. ఆయన కలం కదులుతున్న వైపే చూస్తూ కూర్చున్నాడు.

“ఎక్కిందా?”

“ఎక్కిందన్నా.”

“సదువు.”

చదివాను. ఆయన పేరు దగ్గర తడబడ్డాను. ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివాను. ఆయన చివరిదాకా విని, బొటనవేలికున్న రాతి పొడిని తువ్వాలుకు తుడుచుకుని, సిరా దిండు మీద అద్ది, నేను చూపించిన చోట ముద్ర వేశాడు. వేసి పుస్తకాన్ని నా వైపు జరిపాడు.

“ఇంగ నీ సంతకం పెట్టు రైటరప్పా” అన్నాడు.

పెట్టాను.